గీతలు లేని బొటనవేలు

పింఛను పంచే వారం దగ్గర పడుతోందంటే ఆ ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు బీడీలు చుట్టడం ఆపేస్తారు. ఒంట్లో బాగాలేక కాదు, పండగ వచ్చీ కాదు. వేళ్ళు బాగుచేసుకోవడానికి. ఏళ్ళ తరబడి తునికాకు చుట్టీ చుట్టీ, బీడీ మూతి మడిచీ మడిచీ బొటనవేలి మీది గీతలు అరిగిపోతాయి. నాలుగు రోజులు ఆకు ముట్టకుండా కొబ్బరినూనె రాసుకుంటే అవి కాస్త తేలతాయి. అవి తేలితేనే పోస్టు చంద్రశేఖర్ తెచ్చే వేలిముద్రల మిషను మనిషిని గుర్తుపడుతుంది. పచ్చ లైటు వెలిగితే పింఛను, ఎర్ర లైటు వెలిగితే మళ్ళీ రేపు రావాలి. మిషను కోసం వేళ్ళకు సెలవిచ్చే ఊరు ఇంకెక్కడన్నా ఉందో లేదో గానీ, సిద్దిపేట నుంచి చిన్నకోడూరు పోయే దారిలో ఈ ఊరు మాత్రం ఉంది.

బాలమణి మూడు నెలలుగా ఎర్ర లైటే చూస్తోంది.

ఆమెకు నలభై ఒకటి నిండాయి. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. అరచేతిని మోకాలి మీద ఆనించి, ప్రతి అడుగుకూ కాలిని ముందుకు నెట్టుకుంటూ నడుస్తుంది. డాక్టర్లు డెబ్బై శాతం అని సర్టిఫికెట్టు రాసిచ్చారు. ఆ డెబ్బై శాతం కాలికి చెందిన లెక్క. చేతుల సంగతి అడిగిన డాక్టరు లేడు. అడిగి ఉంటే వాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు, ఎందుకంటే ఒడిలో చాట పెట్టుకుని కూర్చుందంటే పొద్దుగూకే లోపల వెయ్యి బీడీలు చుట్టి, కట్టలు కట్టి పక్కన పెట్టే మనిషి ఆ ఊళ్ళో బాలమణి ఒక్కతే.

అయితే కంపెనీ కాగితాల్లో బాలమణి అనే మనిషే లేదు. ఆమె చుట్టిన బీడీలన్నీ వదిన స్వరూప కార్డు మీద పోతాయి. ఇరవై ఆరేళ్ళ కిందట స్వరూప కొత్త కోడలిగా వచ్చినప్పుడు పుట్టింటి నుంచి బీడీ కార్డు వెంట తెచ్చుకుంది. ఒకే ఇంట్లో రెండు కార్డులెందుకని వదినా ఆడబిడ్డా కలిసి ఒకే కార్డు మీద చుట్టడం మొదలుపెట్టారు. తర్వాత బాలమణికి పింఛను వచ్చింది. పని చేస్తున్నట్టు తెలిస్తే పింఛను తీసేస్తారని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. కానీ ఆ మాట ఇంట్లో చూరుకు వేలాడుతూ ఉండిపోయింది. ఆఫీసర్ల జీపు చప్పుడు వినపడితే చాలు, స్వరూప పరుగున వచ్చి ఆడబిడ్డ ఒళ్ళో చాట లాక్కుని మంచం కిందకు తోసేది. బాలమణి చేతులు కట్టుకుని, ఏ పనీ చేతగాని మొహం పెట్టుకుని కూర్చునేది. ఆ మొహం పెట్టుకోవడం ఆమెకు వెయ్యి బీడీలు చుట్టడం కంటే కష్టంగా ఉండేది.

మూడేళ్ళ కిందట స్వరూప జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అది సరిగ్గా అతుక్కోలేదు. అప్పటి నుంచి కార్డు ఆమెది, పనంతా బాలమణిది. పని దినాలు తగ్గితే కార్డు పోతుందని కంపెనీ తరఫున ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు చుట్టించుకునే టేకేదారు లింగమూర్తి బెదిరించేవాడు. అందుకే ఈ చలికాలమంతా బాలమణి వేళ్ళకు సెలవు దొరకలేదు. వదిన కార్డు నిలబడింది, తన వేలిముద్ర పోయింది.

ఆ రోజు పంచాయతీ ఆఫీసు వరండాలో చంద్రశేఖర్ మిషను ముందు ఆమె పది వేళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసింది.

"మెల్లగ పెట్టు చెల్లె. గట్టిగ ఒత్తకు," అన్నాడు చంద్రశేఖర్.

"ఒత్తినా తియ్యదు, ఒత్తకున్నా తియ్యదు చంద్రన్నా. ఇగ వేళ్ళు అయిపోయినయి."

వెనక నిలబడ్డ అంజవ్వ డెబ్బై ఏళ్ళ మనిషి. నోరు మాత్రం ఇరవై ఏళ్ళది. "కాలి వేళ్ళు పెట్టి సూడరాదే!" అంది. "గా ఎడమకాలి గీతలు కొత్తగ ఉంటయి. నడిస్తెగద అరిగేది!"

వరుస మొత్తం నవ్వింది. అందరికంటే ముందు బాలమణే నవ్వింది. అంజవ్వ అంటే ఆమెకు కోపం రాదు. జాలిపడి పక్కకు తప్పుకునే వాళ్ళంటేనే ఒళ్ళు మండుతుంది.

"గిట్ల కాదు," అన్నాడు చంద్రశేఖర్ మిషను తుడుస్తూ. "పోయిన రెండు నెలలు ఊరికే పాయె. గీ నెల గిట్ల తీసుకోకపోతే పేరు ఎగిరిపోతది. రేపటితోని ఆఖరు. కార్యదర్శి సారును అడుగు. నీ బదులు ఆయన వేలు పెడ్తే మిషను ఒప్పుకుంటది."

పాత కార్యదర్శి బదిలీ అయి పోయాక రెండు నెలలు ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఇప్పుడు శ్రీకాంత్ అని కొత్తతను వచ్చాడు. ముప్పై దాటని వయసు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో రెండు ఫోన్లు. మనిషి మంచివాడే. కాకపోతే ఏ కాగితం ఎటు నుంచి వచ్చి తన ఉద్యోగం మీద పడుతుందోనని ఎప్పుడూ భయపడుతూ ఉంటాడు. భయపడే మంచివాళ్ళ చేతిలో పేదవాళ్ళకు జరిగే అన్యాయం తక్కువేమీ కాదు.

"పెడ్తనక్కా, నా వేలు పెట్టేదానికేంది," అన్నాడు శ్రీకాంత్. "ముందుగాల ఈ కాగితం మీద నువ్వు వేలు పెట్టు. ఊకెనే, రికార్డు కోసం."

అతని ముందు అలాంటి కాగితాలు ఒక దొంతర ఉన్నాయి. అన్నిటి మీదా ఊదారంగు వేలి మచ్చలు పడి ఉన్నాయి. అంజవ్వది కూడా అందులో ఉంది; వాళ్ళందరికీ మర్నాడు, ఆఖరి రోజున, వరసగా తన వేలు పెడతానన్నాడు. బాలమణి కాగితం చేతిలోకి తీసుకుంది. ఆమె పదో తరగతి పాసైంది. చదవకుండా దేని మీదా వేలు పెట్టే అలవాటు ఆమెకు లేదు.

"నేను శారీరకంగా ఎటువంటి పనీ చేయలేని స్థితిలో ఉన్నానని, ప్రస్తుతం ఏ పనీ చేయడం లేదని, ఇది అబద్ధమని తేలినచో నా పింఛనుతో పాటు ఇతర ప్రభుత్వ సౌకర్యములన్నియు రద్దు చేయవచ్చునని ధ్రువీకరిస్తున్నాను."

రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోయి ఆగింది.

"సారూ, గిది నేను పెట్ట."

"ఎందుకక్కా? అందరు పెట్టిన్రు."

"ఏ పని చేస్తలేనని రాసి ఉన్నది. నేను బీడీలు చేస్తగద."

బాలమణి బీడీలు చుడుతుందని ఊళ్ళో కుక్కకు కూడా తెలుసు. కానీ ఆఫీసు గడప దగ్గర ఆ మాట గట్టిగా అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. శ్రీకాంత్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"చేస్తే చేస్తవక్కా. గది నాకెందుకు చెప్తున్నవ్? నేను ఇనలేదనుకుంట. నువ్వు వేలు పెట్టు, నేను వేలు పెడ్త, అయిపోతది."

"నువ్వు ఇనలేదనుకుంటే అయిపోతదా సారూ? రేపు ఎవడన్న వచ్చి గిది అబద్ధమన్నడనుకో, పోయేది నా పింఛనా, నీ జీతమా?"

"అక్కా, పైనుంచి చెప్పిన్రు. నా చేతుల లేదు."

"పైనుంచి ఎవరు?"

శ్రీకాంత్ ఫోను మోగినట్టు చూసుకున్నాడు. ఫోను మోగలేదు. "రేపటి దాక ఉన్నది కదా, ఆలోచించుకో," అని తర్వాతి మనిషిని పిలిచాడు. బాలమణి కాగితం బల్ల మీద పెట్టి, మోకాలి మీద చెయ్యి ఆనించి, అందరూ చూస్తుండగా ఇంటిదారి పట్టింది.

ఆ కాగితం మీద వేలు పెట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఇంట్లో చాట అడుగున, పాలిథిన్ కవరులో ఉంది. ఒకరి కార్డు మీద ఇంకొకరు చుట్టడం ఇక కుదరదని, చుట్టేవాళ్ళ పేరు మీదే కొత్త కార్డులు రాయాలని కంపెనీకి ఈ మధ్య తాకీదు వచ్చింది. లింగమూర్తి ఇల్లిల్లూ తిరిగి ఫారాలు పంచాడు. అందులో రాసి ఉన్నది ఇది: "నేను ఇంటి వద్ద బీడీలు చుట్టు కార్మికురాలిని." దాని కింద పేరు రాయడానికి చోటు, ఫోటో అంటించడానికి చోటు, వేలిముద్రకు ఒక చిన్న డబ్బా. ఆ ఫారం తెచ్చుకున్న రోజు నుంచి బాలమణి దాన్ని కనీసం ఇరవైసార్లు తీసి చూసుకుంది. కార్మికురాలు అన్న మాట తన పేరు పక్కన ఎలా ఉంటుందో పెన్సిలుతో రాసి చూసుకుని, మళ్ళీ చెరిపేసింది.

ఇప్పుడు ఒకే వేలు. ఒక కాగితం పని చేస్తానని చెప్పమంటోంది, ఇంకొకటి పని చేయనని చెప్పమంటోంది.

సాయంత్రానికి వార్త ఇంటికి చేరింది. స్వరూప పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"ఊరంత పెట్టిన్రంట. నువ్వొక్కదానివే సత్తెవంతురాలివా?" అంది. "మీ అన్నకు ఫోన్ చేసి చెప్పాల్నా? కొమురవెల్లి జాతరల దుకాణం కాడ నిలబడి నిలబడి ఆయన కాళ్ళు వాస్తున్నయి. ఇంట్ల నువ్వు గిట్ల చేస్తే ఎట్ల?"

"అన్నకు నేనే చెప్పిన వదినా. ఆఫీసు కాడికెల్లి రాంగనే."

"ఏమన్నడు?"

"మీ వదిన ఒప్పుకుంటే నాకేం లేదన్నడు."

ఆ జవాబుతో స్వరూపకు ఇంకా కోపం వచ్చింది. మొగుళ్ళు తప్పించుకునే పద్ధతి ఆమెకు కొత్త కాదు. చాట పక్కన చతికిలబడి, అతకని మణికట్టును రెండో చేత్తో పట్టుకుంది.

"నీ తుంటి సంగతేంది? సిద్దిపేట దవాఖానల డాక్టరు ఏమన్నడు? ఎడమకాలి బరువంత మోసి మోసి కుడి తుంటి అరిగింది, ఆపరేషన్ చేయాలె, సర్కారిచ్చిన దవాఖాన కార్డు మీద పైసల్లేకుంట ఉత్తగనే చేస్తమన్నడు. కంపెనీ కార్డు రాపిచ్చుకుంటివనుకో, కంప్యూటర్ల ఉద్యోగస్తురాలివైతవంట. పింఛను పాయె, దవాఖాన కార్డు పాయె. ఏం పెట్టి చేపిచ్చుకుంటవ్? బీడీలు పెట్టా?"

"ఉద్యోగస్తురాలినైత అని ఎవరన్నరు?"

"అందరంటున్నరు."

"ఎవరు సదివిన్రు?"

నిజానికి ఎవరూ చదవలేదు. ఆ మాట ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి నడిచి వచ్చిందే తప్ప కాగితం మీద ఎవరూ చూడలేదు.

"చూడు వదినా," అంది బాలమణి. "పోయిన ఎండకాలం దగ్గుతోని ఛాతి పట్టుకపోతే నన్ను బీడీ కార్మికుల దవాఖానకు తోల్కపోయినవ్. యాదికున్నదా? గాడ ఏమన్నరు? నీకు కార్డు లేదు, నువ్వు కార్మికురాలివి కాదు, మందు ఇయ్యం అన్నరు. తంబాకు దుమ్ము నా ఛాతిల ఉన్నది, పేరు నీది ఉన్నది. మరి పింఛను కాడ ఏమంటున్నరు? నువ్వు పని చేస్తలేవని రాసియ్యి అంటున్నరు. నేను చేసిన పని నీ పేరు మీద ఉన్నది. నా పింఛను నేను పని చెయ్యనన్న మాట మీద ఉన్నది. మరి నేను యాడున్న వదినా? చెప్పు, నేను యాడున్న?"

స్వరూప ఆకుల మీది తడిగుడ్డను సర్దింది. తర్వాత, అసలు మాట బయటికి వచ్చింది.

"నువ్వు రాపిచ్చుకుంటే నా కార్డు ఏమైతది? ఈ చేతితోని నేను చుట్టలేను. నాది కొట్టేస్తరు."

ఇంతసేపూ ఆమె పింఛను గురించి, తుంటి గురించి మాట్లాడింది నిజమే. ఆ భయాలూ నిజమే. కానీ ఇది అన్నిటికంటే అడుగున ఉన్న భయం. చెప్పేశాక సిగ్గుతో ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాలమణికి వదిన మీద అప్పటిదాకా ఉన్న కోపం సగం పోయింది.

"ఇరవై ఆరేండ్లు నీ పేరు మీద జమైన పీఎఫ్ నీదే వదినా. గది నేను అడుగుతలేను. కార్డు కొట్టేసినా గది నీకే వస్తది, లింగమూర్తిని అడిగి తెలుసుకున్న. రేపటి సంది నా చేతులు చేసేది మాత్రం నా పేరు మీద రావాలె. గంతే."

మర్నాడు ఉదయం తొమ్మిది గంటలకు బాలమణి చాటను నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. చాటలో తడిపిన ఆకు, తంబాకు పొట్లం, కత్తెర ఉన్నాయి. పంచాయతీ ఆఫీసు దూరం మామూలు మనుషులకు అయిదు నిమిషాలు, ఆమెకు పావుగంట. వరండా మీద పింఛను వరుస అప్పటికే మొదలైంది. ఆమె వరుసలో నిలబడలేదు. సరిగ్గా శ్రీకాంత్ బల్లకు ఎదురుగా, గోడకు ఆనుకుని కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని, ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

వరుసలో తలలన్నీ అటు తిరిగాయి. ఇన్నేళ్ళూ జీపు చప్పుడు వింటే మంచాల కిందకు పోయిన చాట ఇవాళ ఆఫీసు వరండాలో పట్టపగలు కూర్చుంది.

"ఏందే బాలా, పిస లేసిందా?" అంది అంజవ్వ. అంటూనే వచ్చి పక్కన కూర్చుంది, చూడటానికి బాగా కనిపిస్తుందని.

బాలమణి ఆకులో తంబాకు పోసి చుట్టింది. మూతి మడిచింది. దారం కోసం చాటలో వెతికింది. దారం ఉండ లేదు. అంత పంతంతో వచ్చి దారం మరచిపోయిందని తెలిసేసరికి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడే మెట్ల దగ్గర నుంచి స్వరూప గొంతు వినిపించింది.

"దారం మర్సిపోయినవ్," అంటూ ఆమె ఉండను చాటలో వేసింది. అంజవ్వకు అటుపక్కన కూర్చుంది.

శ్రీకాంత్ లోపలి నుంచి వచ్చి చూసి నిలబడిపోయాడు. "అక్కా, గిదేంది? ఆఫీసుల గివి చెయ్యద్దు."

"ఏ పని చేస్తలేనని రాసియ్యమన్నవ్ గద సారూ. నేను చేసేది పనేనా కాదా, నువ్వే చూసి చెప్పు. పని కాకపోతే గిప్పుడే వేలు పెడ్త."

ఎవరో కిసుక్కున నవ్వారు. శ్రీకాంత్ మొహం ఎర్రబడింది. "నాకు చెప్తే ఏం లాభమక్కా? రూలు నేను చేసిన్నా?"

"రూలు చూపియ్యి. పని చేసే అవిటోళ్ళకు పింఛను లేదని యాడ రాసున్నది? చూపియ్యి, సదువుకోని ఇంటికి పోత. మల్ల నీ మొఖం చూడ."

"మండల ఆఫీసుకు ఫోన్ చెయ్యి," అన్నాడు చంద్రశేఖర్ మిషను వెనక నుంచి. ఎప్పుడూ ఎవరి పక్షమూ వహించని మనిషి ఆ మాట అనడంతో శ్రీకాంత్‌కు వేరే దారి లేకపోయింది. ఫోను చేశాడు. పక్కకు పోబోతే అంజవ్వ అతని ప్యాంటు అంచు పట్టుకుంది. "గీడనే మాట్లాడు బిడ్డా, మాకు గూడ ఇనపడాలె."

అవతల గొంతు విసుగ్గా ఉంది. ఏ కాగితం, ఎవరిచ్చారని అడిగింది. వేళ్ళు పడని వాళ్ళ దగ్గర తీసుకునే కాగితం అన్నాడు శ్రీకాంత్. అలాంటి కాగితమేదీ మేము పంపలేదని అంది ఆ గొంతు. వేలు ఎందుకు పడలేదో ఒక్క మాట రాసి ఉంచుకుంటే చాలంది. ఆ కాగితం శ్రీకాంత్‌కు కార్యదర్శుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పక్క మండలంలో ఎవరో తయారుచేసి, ముందు జాగ్రత్తకు మంచిదని పంపితే, అతనూ ముందు జాగ్రత్తకే అచ్చు వేయించాడు. ముప్పై నలుగురు మనుషులు తాము ఎందుకూ పనికిరామని ఒప్పుకున్నది ఒక ఫార్వర్డు మెసేజీ కోసం.

"మల్ల బీడీ కార్డు రాపిచ్చుకుంటే పింఛను పోతదా, దవాఖాన కార్డు పోతదా, గది గూడ అడుగు," అంది బాలమణి.

శ్రీకాంత్ అడిగాడు. దవాఖాన కార్డు మా సెక్షను కాదంది గొంతు. పింఛను సంగతి, కంప్యూటర్లో పేరు పైకి వస్తే అప్పుడు విచారణ చేస్తారని, ఉంటుందో పోతుందో ఇప్పుడే చెప్పలేమని అంది. ఫోను పెట్టేసింది.

స్వరూప భయంగా ఆడబిడ్డ వైపు చూసింది. పోదన్న మాట రాలేదు, పోతుందన్న మాటా రాలేదు. బాలమణి చేతిలోని బీడీకి దారం చుట్టి ముడేసింది.

"మంచిది. విచారణకు రమ్మను. అప్పుడు చూపియ్యడానికి నా కాడ కాగితం ఉండాలె. తెల్ల కాగితం ఒకటియ్యి సారూ."

చాట బోర్లించి, దాని మీద కాగితం పెట్టి ఆమె రాసింది. పదో తరగతి నాటి గుండ్రటి అక్షరాలు. రాసి, వరండా మొత్తం వినేలా చదివింది.

"నా పేరు బాలమణి. నా ఎడమకాలు పోలియోతో పడిపోయింది. నేను పదిహేనో ఏట నుంచి బీడీలు చుడుతున్నాను. చుట్టడం వల్ల నా వేలిగీతలు అరిగిపోయాయి, అందుకే మిషను నా వేలు గుర్తుపట్టడం లేదు. నా కాలు పని చెయ్యదు. నేను పని చేస్తాను. రెండూ నిజమే. నా పింఛను నాకు ఇవ్వగలరు."

సంతకం పెట్టింది. శ్రీకాంత్ కాగితం అందుకుని, ఏదో ఒకటి అనకపోతే తన పెద్దరికం పోతుందన్నట్టు, "వేలు కూడ పెట్టాలె," అన్నాడు. ఆమె ఊదారంగు ఇంకు డబ్బాలో బొటనవేలు అద్ది కాగితం మీద ఒత్తింది. నున్నటి మచ్చ పడింది. ఒక్క గీత కూడా లేదు. శ్రీకాంత్ దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. నిన్న ఇలాంటివే ముప్పై నాలుగు మచ్చలు అతని బల్ల మీద ఉన్నాయి, ఒక్కదాన్ని కూడా అతను ఇలా చూడలేదు. ఏ పనీ చేయడం లేదన్న రాత కింద, ఎంత పని చేశారో చెప్పే వేలిమచ్చలు అవి.

అతను మిషను దగ్గరికి వచ్చి తన వేలు పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది.

"నా కాగితం తియ్యి," అంది అంజవ్వ లేచి నిలబడి. "నాకు ఏ పని చాతగాదని రాసినవంట. పొద్దుగాల నేను రెండు బిందెలు మోసి, నాలుగు కట్టలు చుట్టి వచ్చిన. తియ్యి బయటికి. బాలా, నాకు గూడ గట్లనే రాసియ్యవే."

"నాకు గూడ," అంది ఇంకొకామె. వరుస మిషను ముందు నుంచి కదిలి బాలమణి చాట ముందుకు జరిగింది. శ్రీకాంత్ దొంతరలో కాగితాలు ఒక్కొక్కటే వెతికి ఇస్తుంటే, ఆడవాళ్ళు వాటిని నాలుగుగా చింపి కొంగున వేసుకున్నారు. పొయ్యిలోకి పనికొస్తాయని అంజవ్వ అంది.

మధ్యాహ్నం రెండు దాటాక వదినా ఆడబిడ్డా బీడీ కార్ఖానాకు వెళ్ళారు. కార్ఖానా అంటే ఊరి చివర రెండు గదుల రేకుల షెడ్డు. లింగమూర్తి బల్ల వెనక కూర్చుని ఫారాలు సర్దుకుంటున్నాడు. పంచాయతీ సంగతి అప్పటికే అతని చెవిన పడింది. బాలమణిని చూడగానే మొహం చిట్లించాడు.

"ఆలోచించుకున్నవా? పింఛను పోతే నన్ను తిట్టద్దు."

"పోతే కొట్లాడుత. నిన్ను తిట్టేటందుకు వేరేవి మస్తున్నయి," అంది బాలమణి. ఫారం తీసి బల్ల మీద పెట్టింది. ఈసారి తన పేరు పెన్సిలుతో కాదు, పెన్నుతో రాసింది. నొక్కి రాసింది.

లింగమూర్తి ఇంకు డబ్బా ముందుకు జరిపాడు. ఆమె బొటనవేలు అద్ది, ఫారం మీది చిన్న డబ్బాలో నిండుగా ఒత్తింది. అతను వంగి చూసి, కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూశాడు.

"గిదేందమ్మా, ఉత్త మచ్చనే పడ్డది. గీతలేవి? గిట్లుంటే కంపెనీ ఒప్పుకోదు. గీతలు కావాలె."

బాలమణి వెనక్కు తిరిగి, గోడ వారగా పైకప్పు దాకా పేర్చిన బీడీ పెట్టెల వైపు ఊదారంగు వేలు చూపించింది.

"గీతలా? గాడున్నయి చూడు. ఇరవై ఆరేండ్ల సంది మీకే ఇస్తున్న. ఏ పెట్టెల ఉన్నయో నువ్వే ఎతుక్కో."